చీనీ పాదులో అతుకు

మొన్న ప్రొద్దుటూరులో మా ఇంటికి కొత్త నెట్ పెట్టిన మనిషి, మిగిలిన తీగను చుట్ట చుడుతూ, "యాడా అతుకు లేదు సార్, ఒకటే పీసు వేసినా" అన్నాడు. అతుకు అనే మాట చెవిన పడగానే నాకు నవ్వొచ్చింది. అతుకున్న తీగ మీదే మా కాపురం కుదురుకుందని పాపం అతనికేం తెలుసు!

అప్పట్లో నా ఉద్యోగం ప్రొద్దుటూరులో, మా ఆవిడ టీచరుగిరీ లింగాల దగ్గర. ఆమె పులివెందుల బయట చీనీ (బత్తాయి) తోటలో ఉన్న పుట్టింటి నుంచే బడికి పోయేది. నేను ఆదివారం అల్లుణ్ణి. పెళ్లయిన మూడేళ్లకు ఆమెకు బదిలీ అవకాశం వచ్చింది, ప్రొద్దుటూరు బడి దొరికితే ఇద్దరం ఒకచోట ఉండొచ్చు. కావలసిన బళ్లను కంప్యూటర్లో వరుసగా పెట్టి సాయంత్రం ఐదు లోపల పంపాలి. పంపకపోతే ఎవరికీ వద్దని మిగిలిన బడే గతి. ఊళ్లో నెట్ సెంటర్లు టీచర్లతో తిరునాళ్లలా ఉన్నాయి. తోటలో సెల్ ఫోను సిగ్నలు అంతంతమాత్రం. ఇంట్లో తీగ కనెక్షన్ ఉంది కదా అన్న ధీమాతో నేను సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాను.

ఆ ధీమా మధ్యాహ్నం దాకే. బోరు మోటారుకు కరెంటొచ్చి చెట్లకు నీళ్లు పారిన కాసేపటికి నెట్ పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. నెట్ పెట్టె రోడ్డు పక్క మోటారు షెడ్డులో ఉంది. అక్కణ్ణించి తీగ చెట్ల మధ్యగా భూమిలో ఇంటిదాకా వస్తుంది. షెడ్డుకూ ఇంటికీ మధ్య నా కాళ్లరిగాయి. పెట్టె ఆపి మళ్లీ వేశాను. తీగ కొన పీకి, ఊది, మళ్లీ గుచ్చాను. కంప్యూటర్ని మూడుసార్లు ఆపి లేపాను. లో వోల్టేజీ అనుకుని మోటారే ఆపేశాను, అయినా రాలేదు. కనెక్షనిచ్చిన వాళ్లకు ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపుతామన్నారు. రేపు ఎవడిక్కావాలి! "మళ్ల పాయె! నాలుగు దాటిందప్పా, ఏం చేస్తాండావు ఆడ?" అని లోపల్నించి మా ఆవిడ అరిచినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

మా మామ మాత్రం పార భుజానేసుకుని నా మొహం చూడకుండా తిరుగుతున్నాడు. మోటారు తీగలు అతకడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ను మించినవాళ్లు లేరు. ఆయన టేపు చుట్టిన అతుకు బోరులో ఆరువందల అడుగుల లోతున నీళ్లలో ఏళ్లకేళ్లు నానినా చెక్కుచెదరదని పేరు. ఆ మనిషి నాలుగున్నరకు నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా, పోయిన నెల పాదు తవ్వుతాంటే పార తగిలి నీ వైరు తెగింది. నేనే అతికి మన్ను కప్పినా. మోటారు అతుకు మాదిరే చుట్టినా, నీళ్లు పోవనుకుంటి."

నాకు కోపం నషాళానికంటింది. "మధ్యాహ్నం నుంచి చూస్తాండావు గదా మామా! బిడ్డ ప్రొద్దుటూరు పోయేది నీకిష్టం లేదని చెప్పరాదా?" అనేశాను.

ఆయన ఆ చెట్టు దగ్గరికి పోయి, నీళ్లు నిండిన పాదులో మోకాళ్ల మీద కూర్చుని, బురద తోడేసి, నల్లటి టేపు ఉండను బయటికి తీశాడు. విప్పితే లోపల ఎనిమిది సన్న తీగలు, రంగుకు రంగు కలిపి ఎంత ఓపిగ్గా మెలేసి ఉన్నాయో! ఒక్కొక్కదాన్నీ తువ్వాలుతో తుడిచి, ఉఫ్ ఉఫ్ అని ఊది, ఒకదానికొకటి తగలకుండా రెండు చేతుల వేళ్ల సందుల్లో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "చూడుమ్మా ఇప్పుడు" అని కేకేశాడు.

"వచ్చింది నాయనా, కదలాకు!"

ఇరవై నిమిషాలు, బురదలో, చేతులు తలెత్తు లేపి, ఆయన కదల్లేదు. మెడ మీద దోమ వాలినా తోలుకోలేదు. నేను సాయం పడతానంటే, "నువ్వు ముట్టుకుంటే మళ్ల పోతాది, పక్కకుండు" అన్నాడు. ఇంతలో లోపల్నించి మా ఆవిడ, "మొదటిది ఏది పెట్టాల నాయనా?" అని అడిగింది. ఆ సంగతి మేమెప్పుడో అనుకున్నదే. ఎందుకడిగిందో ఇప్పటికీ చెప్పదు.

ఆయన తీగల మీంచి చూపు తిప్పకుండానే, "ప్రొద్దుటూరే పెట్టుమ్మా. వేరే ఎందుకు" అన్నాడు.

"అయిపాయె నాయనా" అని ఆమె బయటికొచ్చాకే చేతులు దించాడు.

ఇది జరిగి ఆరేళ్లు. ఆమెకు ప్రొద్దుటూరే దక్కింది, ఇప్పుడు ఆ తోటకు ఆదివారం చుట్టాలం మేమిద్దరం. ఆ రోజు నేనన్న మాటకు ఆయన్ను మన్నించమని నేనింకా అడగలేదు, సిగ్గు. బిడ్డ దూరం పోవడం ఆయనకు నిజంగానే ఇష్టం లేదేమో కూడా. మా కాపురానికి దక్కిన ఈ ఆరేళ్లూ ఆయన బిడ్డతో గడపాల్సిన తన ఆరేళ్లలోంచే తీసి ఇచ్చాడని తెలియడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.