సుహృద్భావ వాతావరణంలో మా పెద్దమ్మ

మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతోంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు కదా, ఆవిడ అంటూనే ఉంటుంది, ఎదుటివాళ్లు ఉలుకుతూనే ఉంటారు. పెళ్లికి ఆవిడని పిలవాలంటే మావాళ్లకు భయం, పిలవకుండా ఉండాలంటే ఇంకా భయం.

నేను పత్రికలో సబ్ ఎడిటర్ని. పెద్దమ్మ లెక్కలో అది ఉద్యోగం కాదు, నీడపట్టున కూర్చోవడం.

లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద యంత్రం ఉంది. పైకెత్తిన మూతను పట్టి ఉంచే కొక్కెం విరిగి నెలయింది. ఒకరోజు ఆ మూత పడి, అందరూ చిట్టి అని పిలిచే అమ్మాయి చేయి కాలింది. కొక్కెం బాగుచేసేదాకా యంత్రం జోలికి వెళ్లేది లేదని ముప్పై మంది ఆడవాళ్లూ ఒక్కమాట మీద నిలబడ్డారు. వాళ్ల తరఫున మాట్లాడటానికి పెద్దమ్మ ఒక్కతే సూపరింటెండెంట్ గదికి వెళ్లింది. ఆయన ఫోనులోంచి తలెత్తకుండా, చేయి అడ్డం పెట్టినవాళ్లదే తప్పన్నాడు. ఇష్టం లేనివాళ్లు మానేయవచ్చన్నాడు. అయితే దుప్పట్లు మీరే ఇస్త్రీ చేసుకోండని చెప్పి పెద్దమ్మ బయటికొచ్చేసింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నా బల్ల మీదికి వచ్చింది మాత్రం ఆసుపత్రి ఆఫీసు పంపిన చిన్న కాగితం: లాండ్రీ సిబ్బందితో చర్చలు జరిగాయి. అంతే. మరీ బోసిగా అనిపించింది. 'చర్చలు' అన్న మాట కనిపిస్తే చాలు, మా వేళ్లు వాటంతటవే 'సుహృద్భావ వాతావరణంలో' అని టైపు చేసేస్తాయి. దేశాధినేతలు కలిసినా, కుళాయి దగ్గర రెండు వీధులవాళ్లు రాజీకి కూర్చున్నా మాకు ఒకటే వాతావరణం. చేర్చి పంపేశాను.

పొద్దున్నే ఆ వార్త లాండ్రీలో చేతులు మారింది. పెద్దమ్మ లోపల నవ్వుతూ రాజీపడి వచ్చి, బయట తమ ముందు నాటకమాడిందని అనుకున్నారు. చిట్టి ముఖం తిప్పుకుంది. పెద్దదే లొంగిపోయాక మనకెందుకని నలుగురు యంత్రం దగ్గరికి వెళ్లిపోయారు.

పదకొండింటికల్లా పెద్దమ్మ మా ఆఫీసులో ఉంది. ఇది ఎవరు రాశారని అడిగింది. డెస్కులో రాశారని గొణిగాను.

"డెస్కంటే ఎవర్రా? పిలువు ఆయన్ని."

నేనేనని ఒప్పుకోక తప్పలేదు. మా న్యూస్ ఎడిటర్ కల్పించుకుని, అది మంచి మాటేనమ్మా, ఎవరినీ నొప్పించదనే వాడతాం అన్నాడు. పేర్లో అంకెలో తప్పు పడితే సవరణ వేస్తాం గాని, సుహృద్భావానికి సవరణ తానెక్కడా వినలేదన్నాడు.

"నొప్పించదా? ఇన్నేళ్లు కలిసి పనిచేసినవాళ్లు పొద్దున్న నన్ను దొంగని చూసినట్టు చూశారు. నడవరా. నువ్వు రాసింది నీ నోటితోనే చెబుదువుగాని."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా వెళ్లాను. లాండ్రీ గుమ్మంలో అందరి ముందూ నిలబడి, ఆ గదిలో నేను లేననీ, ఏం జరిగిందో ఎవరినీ అడగలేదనీ, ఆ మాట నా సొంతమనీ చెప్పాను. చిట్టి కట్టు కట్టిన చేయి నా ముఖం ముందు పెట్టి, ఇది కూడా రాస్తావా అన్నా అని అడిగింది. రాస్తానన్నాను. ఆ నలుగురూ యంత్రం ఆపేసి వచ్చారు.

ఈసారి ముప్పై మందీ వెళ్లారు, నన్ను మధ్యలో పెట్టుకుని. పత్రికవాణ్ణి చూడగానే సూపరింటెండెంట్ ఫోను బోర్లించి, రండి రండి అంటూ అందరికీ టీ తెప్పించాడు. పై ఆఫీసుకు రాశామనీ, కాస్త ఓపిక పట్టాలనీ, అంతవరకూ యంత్రం నడపాలనీ తేనెలో ముంచి చెప్పాడు.

చిట్టి బాగున్న చేత్తో కప్పు వెనక్కి నెట్టింది.

"వద్దు సార్. మేం తాగితే ఈ అన్న మళ్లీ అదే రాస్తాడు."

ఇంకెవరూ కప్పు ముట్టుకోలేదు. పెద్దమ్మ కళ్లు తుడుచుకోవడం నేను మొదటిసారి చూశాను. తుడుచుకుని, నా భుజం పట్టి బల్ల ముందుకు తోసింది.

"కొక్కెం ఏ రోజు పెట్టిస్తారో చెప్పండి సార్. వీడు రాసుకుంటాడు."