కెరమెరి ఘాట్, పద్మ వదిన సైకిలు, నేను పోసిన చిక్కటి ఆయిలు

కెరమెరి ఘాట్ మీద సైకిలు తొక్కాలన్న కోరిక నాది కాదు, మా పద్మ వదినది. ఆమెకు నలభై నాలుగేళ్లు. కరీంనగర్ దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. మా అన్న మస్కట్‌లో పనిచేస్తాడు. పోయిన ఏడాది సెంటరుకు పోయే ఆటో బందైతే, నా పాత గేర్ల సైకిలు తీసుకుపోయి కాలువ కట్ట మీద పడుతూ లేస్తూ నేర్చుకుంది. అంతకు ముందెప్పుడో జైనూర్‌లో చుట్టాల పెండ్లికి పోతూ ఆ ఘాట్ చూసిందట. "బస్సుల గూసుంటె గా మలుపులు మంచిగ చూసేలోపే అయిపోయినయ్ సరితా. ఒక్కసారి నేనే తొక్కుకుంట ఎక్కాలె. నడుమ దిగద్దు," అని దసరా నుంచి నా వెంట పడింది. నేను సరేనన్న రోజు నుంచి పొద్దున అయిదింటికే లేచి ఆ కాలువ కట్టను పదిసార్లు ఎక్కి దిగడం మొదలుపెట్టింది.

నవంబర్ చివర్లో ఒక శనివారం, ఘాట్ ఎక్కి జైనూర్ దాకా పోవాలని బయల్దేరాం. పెండ్లికి కుర్చీలు తీసుకుపోతున్న తెలిసినవాళ్ల ట్రాలీలో సైకిళ్లు వేసుకుని, కరీంనగర్ నుంచి మంచిర్యాల మీదుగా ఆసిఫాబాద్ చేరేసరికి నాలుగు గంటలు పట్టింది. డీజిలుకని ఎనిమిది వందలు ఇచ్చాం. లాడ్జిలో ఇద్దరికీ గది ఏడు వందలు. సైకిళ్లు దించి చూస్తే వదిన చైను కిచకిచమంటోంది. నా సైకిలుకు వారం కిందే షాపులో సర్వీసు అయ్యింది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. రేపు ఘాట్ కదా, బాగా పట్టించాలని పక్కనే ఉన్న మోటరుబండ్ల షెడ్డులో చిక్కటి గేరు ఆయిలు అడిగి తెచ్చి, చైను మొత్తం తడిసి కారేదాకా పోశాను. తుడవలేదు. నూనె ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకున్నాను. శబ్దం టక్కున ఆగిపోయింది. "మంచిగైంది పిల్లా," అని వదిన మెచ్చుకుంది కూడా.

ఆదివారం పొద్దున ఆరు దాటి పది నిమిషాలకు ఆసిఫాబాద్ నుంచి కదిలాం. కెరమెరి దాదాపు ఇరవై కిలోమీటర్లు. చలి చేతివేళ్లను కొరుకుతోంది, మంచులో కంది చేలు తడిసి ఉన్నాయి. ఎదురుగా పత్తి ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. రోడ్డు అంచులంతా రాలిన పత్తే. ఒకచోట పని జరుగుతూ మొరం పోశారు. ఎర్రటి దుమ్ములోంచి రెండు మూడు కిలోమీటర్లు పోవాల్సి వచ్చింది. వదిన నాకంటే ముందు పోతూ, పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్లకు చెయ్యి ఊపుతూ, వాళ్లు "యాడికక్కా?" అంటే "ఘాట్ ఎక్కనీకె!" అని అరుస్తూ ఉంది. ఎనిమిదింపావుకు కెరమెరిలో ఆగకుండానే దాటిపోయాం. ఆ ఊపు అట్లా ఉంది.

ఊరు దాటి రెండు కిలోమీటర్లు పోయాక ఎత్తు మొదలైంది. మొదటి మలుపు దగ్గర వదిన గేరు మార్చగానే చైను టప్పుమని ఎగిరింది. పెడలు ఒక్కసారిగా ఖాళీగా తిరిగి ఆమె కాలు జారి, పిక్క గీరుకుపోయింది. మళ్లీ ఎక్కింది. పది గజాలు పోయిందో లేదో మళ్లీ టప్పుమంది. మూడోసారి ఎగరగానే సైకిలు దిగి రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. ఎర్రబడ్డ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నా కాళ్లల్ల బలం లేదు సరితా. నీకు పరేషాన్ జేస్తున్న. కట్ట ఎక్కుడు వేరు, గిది వేరు. నువ్వు పో, నేను బస్సుల వస్త."

నేను ఏమన్నానో ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది. "పోనీలే వదినా, వయసు గూడ జూడాలె గద," అన్నాను. ఆమె లేచి సైకిలు పట్టుకుంది. ఇద్దరం సైకిళ్లు తిప్పుకుని వెనక్కి జారుకుంటూ కెరమెరికి దిగాం.

రోడ్డు మీదున్న చాయ్ హోటలు దగ్గర ఆగాం. జైనూర్ బస్సు ఇంకో ముప్పావు గంటకు వస్తుందని హోటలామె చెప్పింది. వదిన సైకిలును నడిపించుకుంటూ గోడకు ఆనించబోతుంటే, బెంచీ మీద చాయ్ తాగుతున్న ఒక పెద్దమనిషి గ్లాసు దించి, "తాయీ, జర ఆగు," అన్నాడు. పేరు మారుతి. పక్కనే ఆయన దుకాణం. సైకిళ్లు, మందు కొట్టే పంపులు రిపేరు చేస్తాడు. చిన్నప్పుడు నాగపూర్‌లో పదేండ్లు సైకిలు దుకాణంలో పనిచేశాడట, అందుకే అక్కా అనడానికి మరాఠీలో తాయీ అంటాడు. ఆయన వంగి, వేలితో చైను మీది నుంచి ఏదో పట్టి లాగాడు. నల్లటి వత్తి ఒకటి సాగుతూ వచ్చింది. పత్తి, మొరం, ఆయిలు మూడూ కలిసి తాడులా పేనుకుని ఉన్నాయి. వెనక గేరు కింది చిన్న చక్రాల పళ్ల మధ్య కూడా అదే కూరుకుపోయి ఉంది.

"గిండ్ల ఏం బోసిండ్రు?"

"గేరు ఆయిలు. నేనే పోసిన," అన్నాను.

"బరోబర్. బండికైతె మంచిదే. బండిల అది పెట్టెలోపల ఉంటది, దుమ్ము తాకది. సైకిలు చైను బయట తిరుగుతది గద. గింత చిక్కటిది పోస్తె రోడ్డు మీదున్నదంత ఏరుకుంటది. గేరు ఎట్ల పడ్తది? ఎవలు తొక్కినా ఎగురుతది." వదిన వైపు తిరిగి, "నువ్వు గిట్లనే ఈడిదాక తొక్కినవా తాయీ? ఆసిఫాబాద్ కెల్లి?" అని అడిగాడు. అవునంది వదిన. ఆయన తల ఊపి, "గట్టి కాళ్లు," అన్నాడు.

వదిన నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆమె పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "నా కాళ్లను తిట్టుకున్న గదనే! ఆయిలు నువ్వు పోసి, వయసంటివి నన్ను!" నేనూ ఆపుకోలేకపోయాను. హోటలామె కూడా గరిటె పట్టుకునే నవ్వింది.

మారుతి దుకాణం షట్టరు సగం లేపాడు. పాత బ్రష్షుకు డీజిలు ముంచి చైనునూ, పళ్లచక్రాలనూ రుద్దాడు. తెల్ల గుడ్డకు నలుపు అంటకుండా పోయేదాకా తుడిచి, ఎండలో కాసేపు ఆరనిచ్చాడు. తరువాత కుట్టుమిషను నూనె డబ్బా తీశాడు. చైను ప్రతి కీలు మీద ఒక్కొక్క చుక్క వేస్తూ పెడలును మెల్లగా వెనక్కి తిప్పమని వదినకు చెప్పాడు. అంతా వేశాక అయిదు నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో చైనును గట్టిగా పట్టి మళ్లీ తుడిచేశాడు. "ఇప్పుడే వేసి ఇప్పుడే తుడుస్తుండేంది?" అని వదిన అడిగింది.

"నూనె లోపల కీలుకు గావాలె తాయీ. పైన ఉన్నది దుమ్ముకే పనికొస్తది. గిది పల్చటిది, ఇయ్యాలటికి సరిపోతది. గీ పత్తి కాలంల అసలు మైనం కలిపిన నూనె మంచిది. ఆరినంక జిగురుండది. వానకాలం అయితె గది కడుక్కపోతది, అప్పుడు జర చిక్కటిదే గావాలె, సైకిలు చైనుకని అమ్మేది." ఎనభై రూపాయలు తీసుకున్నాడు.

అప్పుడే బస్సు వచ్చింది. కండక్టరు తలుపులోంచి వంగి, "జైనూరా అమ్మా? ఎక్కుండ్రి," అన్నాడు. వదిన అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది. "లేదన్నా, మీరు పోండ్రి. మేం వెనకనే వస్తున్నం!"

పది కావస్తుండగా మళ్లీ ఘాట్ మొదలుపెట్టాం. పొద్దున ఆగిపోయిన మలుపు దగ్గర వదిన గేరు మార్చింది. చిన్న టిక్కు మాత్రం వినబడి చైను కిందికి దిగింది. నేను వెనక నుంచి అరిచాను, ఎందుకో నాకే తెలియదు. టేకు చెట్ల ఆకులు సగం రాలి ఉన్నాయి, లోయలో దూరంగా జొన్న చేలు కనిపిస్తున్నాయి. వదిన తొందరపడలేదు. మలుపు తరువాత మలుపు, నడక కంటే కొంచెం వేగంగా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. రెండుసార్లు నేనే దిగి నీళ్లు తాగాను. ఆమె దిగలేదు. పైకి చేరేసరికి రెండు చేతులూ వదిలి కేక పెట్టబోయి, పడిపోతానేమోనని భయపడి మళ్లీ పట్టుకుంది. ఒక లారీ డ్రైవరు హారన్ కొడుతూ పోయాడు. రోడ్డు అంచు పిట్టగోడ మీద కూర్చుని తెచ్చుకున్న సర్వపిండి మొత్తం తినేశాం.

పైన సిగ్నలు లేదు. ఒంటిగంటకు జైనూర్ చేరాకే అన్నకు వీడియో కాల్ కలిసింది. వదిన చెమట ముఖంతో, గీరుకున్న కాలు చూపిస్తూ గబగబా చెబుతుంటే అన్న కాసేపు నోరు తెరిచి విన్నాడు. తరువాత ఫోను పక్కకు తిప్పి గదిలో వాళ్లను పిలవడం వినబడింది: "ఏ, ఇటు రాండ్రి, జల్ది! మా ఆమె ఘాట్ ఎక్కింది!" తెరలో ఒక్కొక్కరుగా నలుగురు ముఖాలు పెట్టి నమస్తే పెట్టారు. వదిన కొంగు కోసం వెతికి, తాను కుర్తాలో ఉన్న సంగతి గుర్తొచ్చి, హెల్మెట్‌తో ముఖం దాచుకుంది.

ఇంటికొచ్చాక కూడా నాకు ఆ రాయి మీద గడిచిన పది నిమిషాలే గుర్తొస్తున్నాయి. ఆమె తన ఒంటిని అనుమానించింది, నేను ఆమె వయసును అనుమానించాను. ఇద్దరం అక్కడే, చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉన్న చైనును చూడలేదు. ఆ హోటలు దగ్గర ఆగకపోయి ఉంటే వదిన బస్సెక్కి, ఘాట్ తన వల్ల కాదని నమ్ముకుని ఇంటికి వచ్చేసేది. మారుతి చేసిన మరమ్మతు ముప్పావు గంట పని. ఆయన అన్న "గట్టి కాళ్లు" అనే రెండు మాటలను మాత్రం వదిన ఇప్పటికీ సెంటరులో అందరికీ చెప్పుకుంటోంది.

పత్తి కాలంలో ఈ దారిన పోయేవాళ్లు మైనం కలిపిన చైను నూనె వాడండి. కరీంనగర్‌లో గేర్ల సైకిళ్లు అమ్మే షాపుల్లో అడిగితే దొరుకుతుంది. బయల్దేరే ముందురోజు సాయంత్రమే చైను శుభ్రం చేసి, కీలుకో చుక్క వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున పైపైన తుడిచి కదలండి.