చీరలడిగే గిడ్డయ్య

మా ఊళ్ళో నాటకాలాడే రాతికట్ట ఎవరిదని అడిగితే అందరూ దేవేంద్రప్ప పేరే చెబుతారు. ఆయన ఊరికి పెద్ద, నాటక సమాజానికి పెద్ద, రాజు వేషం కూడా ఆయనదే. కాదనను. కానీ ఆ కట్ట లేని రోజుల్లో, ఎండిపోయిన చెరువు మైదానంలో బండ్లు అడ్డం పెట్టి తెరలు కట్టిన రోజుల్లో, నాటకాన్ని తన ఒంటి మీద మోసినవాడు గిడ్డయ్య. ఆ సంగతి మగవాళ్ళు చెప్పరు. వాళ్ళకు సిగ్గు. అందుకే నేను చెబుతున్నాను.

నేను ఆదోని పిల్లను. కోసిగి దగ్గరి ఈ ఊరికి కోడలుగా వచ్చేనాటికి గిడ్డయ్యకు ముప్పై దాటి ఉంటాయి. పేరు గిడ్డయ్యే గానీ మనిషి పొడుగు. వానొస్తే పండే కాస్త చేను, ఒక పెంకుటిల్లు, నడుము దాకా జుట్టు, ఇదీ అతని ఆస్తి. మీసాలు రాకముందు నుంచీ రాణి వేషం అతనిదే. జుట్టు పెంచుకొని చీర కట్టి ఏడ్చేవాడికి పిల్లనెవరిస్తారు? ఊరికి నాటకం కావాలి, నాటకానికి రాణి కావాలి, ఆ రాణికి మాత్రం పెళ్ళాం అక్కర్లేదు. మా వాళ్ళ న్యాయం అట్లా ఉంటుంది.

జొన్న కోతలయ్యాక, ఉగాదికి ముందు నాటకం ఆడేవారు. ఒకరు కిరసనాయిలు ఇస్తారు, ఒకరు బండి కడతారు, ఒకరు ఆడేవాళ్ళకు అన్నం పెడతారు. ఆడవాళ్ళు ఇచ్చేది చీర. మా వైపు పెళ్ళినాటి పట్టుచీర పెట్టెలోనే ముసలిదైపోతుంది. కట్టుకొని ఎక్కడికి పోవాలి? పండితే కదా పండగ. అందుకని ఆ చీర ఏడాదికొకసారి గిడ్డయ్య ఒంటి మీద బయటికొచ్చేది. పెట్రొమాక్సు వెలుగులో తన చీర రాణి మీద మెరుస్తుంటే చూసుకోవడానికి ఆడవాళ్ళు సాయంత్రం నుంచే చాపలు పరుచుకొని కూర్చునేవారు. "నిరుడు రాణి నీ సీరలో పెండ్లి చేసుకొన్నాది, ఈ తూరి నా సీరలో అడివికి పోవల్ల" అని బావి దగ్గర కొట్లాడుకునేవారు కూడా.

గిడ్డయ్య చీర అడిగే తీరు చూడాలి. స్నానం చేసి, చేటలో పసుపు కుంకుమ పెట్టుకొని వచ్చి, గడప పక్కన కూర్చునేవాడు. చీర మాట వెంటనే ఎత్తడు. కోడళ్ళ సంగతులు, కాన్పుల సంగతులు, మొగుళ్ళు తాగొచ్చి కొట్టిన సంగతులు అన్నీ వినేవాడు. ఇంట్లోవాళ్ళు రొట్టెలు కాలుస్తూనే అతనితో అన్నీ చెప్పుకునేవారు. తిరిగి ఇచ్చేటప్పుడు మడత పోకుండా, మీద తమలపాకు, బెల్లం ముక్క పెట్టి తనే తెచ్చేవాడు. ఇంకో మగవాడి చెయ్యి దాని మీద పడనిచ్చేవాడు కాదు.

మా అత్త హులిగెమ్మ ఇచ్చే చీర వేరు. అది ఆమె కూతురు సుంకులమ్మది. దానిమ్మ రంగు ఇలకల్ చీర. ఆ పిల్ల తొలికాన్పులోనే పోయింది. అత్తగారింటివాళ్ళు పెట్టె తిరిగి పంపిస్తే, మా అత్త అందులోంచి ఆ ఒక్క చీరే తీసి దాచుకుంది. కొడుకు పోయిన రాణి ఏడ్చే ఘట్టానికి ఆ చీర గిడ్డయ్యకు ఇచ్చేది. ఇంట్లో ఎవరి ముందరా ఏడవని మనిషి, ఆ ఒక్క ఘట్టంలో అందరి మధ్య కూర్చొని నోటికి చెరగు అడ్డం పెట్టుకొని ఏడ్చేది. గిడ్డయ్య ఎవరి కోసం ఏడుస్తున్నాడో ఆమెకు తెలుసు. అతనికీ తెలుసు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు మా ఊళ్ళో కట్ట కట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మనకూ ఒక రంగస్థలం ఉండాలని దేవేంద్రప్ప పట్టుబట్టాడు. మంచి మాటే. ఊరంతా చెయ్యి వేసింది. మగవాళ్ళు గుట్ట నుంచి బండలు తోలారు, మేము వంక నుంచి ఇసుక మోశాం. గిడ్డయ్య తన చేను పని వదిలేసి ఎండలో బండలెత్తాడు. పైన రేకులు పడ్డ రోజు కట్టెక్కి నాలుగు పక్కలా నడిచి చూసుకొని, "పెద్దమ్మా, ఇంగ వానొచ్చినా నీ సీర తడవదు" అని మా అత్తకు వినబడేట్టు అరిచాడు.

కట్ట తెరిచే రోజుకు తాసిల్దారు వస్తాడన్నారు. అక్కడినుంచి దేవేంద్రప్పకు పెద్దరికం తలకెక్కింది. పెద్దవాళ్ళ ముందర మగవాడికి చీర కడితే నవ్వుతారని, ఆదోని నుంచి రత్నమణి అనే ఆటకత్తెను మాట్లాడి వచ్చాడు. గిడ్డయ్యకు చెప్పలేదు. అతను రోజూ పాఠం వల్లె వేసుకుంటుంటే సమాజంలో అందరూ తలలూపుతూ విన్నారు. మా ఆయనకు అందులో మంత్రి వేషం. ఆయనా విన్నాడు.

రత్నమణి వచ్చి పెట్టె తెరిస్తే చీరలన్నీ ఊరూరూ తిరిగి నలిగిపోయి, జరీ నల్లబడి ఉన్నాయి. ఊళ్ళో చీరలు తెమ్మని దేవేంద్రప్ప మనుషుల్ని పంపాడు. ఒక్క ఇంట్లోనూ ఇవ్వలేదు. "ఆటకత్తెకా మా పెండ్లి సీరలు?" అని మొహం మీదే తలుపులేశారు. మా ఆడవాళ్ళ గొప్పలు కూడా తక్కువవేం కావు. ఆమె కూడా పొట్ట కోసం తిరిగే మనిషేనని ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు గుర్తొచ్చాడు గిడ్డయ్య. దేవేంద్రప్ప అతన్ని పిలిపించి భుజం మీద చెయ్యి వేశాడట.

"బాధపడొద్దప్పా. ముందర ఘట్టాలు ఆ ఆదోనామె ఆడతాది, తన సీరల్లోనే ఆడతాది. ఏడుపు ఘట్టం నీదే. అది నీకు తప్ప ఎవురికొస్తాది? పోయి సీర తెచ్చుకోపో."

ఈ మాటలు మా ఆయన పక్కనే ఉండి విన్నవి. అంతా అయ్యాక చెప్పాడు నాకు. అబద్ధమని నీకు అప్పుడే తెలుసా అని అడిగితే, "తెలిస్తే మాత్రం ఏం జేసేది, పెద్దాయన మాట" అన్నాడు. ఆ పూట ఆయనకు అన్నం వడ్డించబుద్ధి కాలేదు.

గిడ్డయ్య ఎప్పట్లాగే చేట పట్టుకొని వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"ఏడుపు మాత్రం నాదే అన్నాడు పెద్దమ్మా."

"ఆ ఏడుపుకైతేనే ఇస్తా గిడ్డా" అంది మా అత్త. "ఆమె మీద గిన పడితే నేను బతకను. మా సుంకి సీర అది."

"నా మీద తప్ప ఎవురి మీదా పడదు. నన్ను నమ్మవా?"

"నిన్ను నమ్మక ఇంగెవుర్ని నమ్మల్లరా?" అని మా అత్త పెట్టె తెరిచింది.

ఆ రాత్రి కట్ట ముందర కుర్చీలు వేసి తాసిల్దారును కూర్చోబెట్టారు. రత్నమణి పాడుతుంటే, నిజం చెప్పాలి, బాగుంది. చాపల మీద ఆడవాళ్ళు మూతులు ముడుచుకున్నారు గానీ కళ్ళు తిప్పలేదు. మా అత్త మాత్రం ఏమీ చూడలేదు, తన ఘట్టం కోసం కాచుకొని కూర్చుంది. తెర లేచింది. దానిమ్మ రంగు చీరలో, చచ్చిపోయిన కొడుకు ముందర, రత్నమణి కూర్చొని ఉంది.

మా అత్త లేచింది. కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి దారి చేసుకొని ఇంటికి నడిచింది. ఆమె వెనక ఒక్కొక్కరే ఆడవాళ్ళంతా చాపలు చుట్టుకొని లేచారు. తాసిల్దారు ఇది గమనించనే లేదు. రాణి ఏడుపుకు చప్పట్లు కొట్టాడు.

తెల్లవారి గిడ్డయ్య వచ్చాడు. కళ్ళ కాటుక ఇంకా పూర్తిగా పోలేదు. చేతిలో చేట, అందులో చీర, తమలపాకు, బెల్లం. వెనక రత్నమణి నిలబడి ఉంది. మా అత్త చీర ముట్టుకోలేదు. నా వైపు చూసి, "ఏమ్మే, దాన్ని నీళ్ళలో ముంచి ఆరెయ్యి" అంది. తరువాత అతని వైపు తిరిగింది.

"నిన్ను నేనెప్పుడూ మగోడనుకోలేదు గిడ్డా. నా కడుపులో మాటలన్నీ నీ ముందర పోసుకొన్నా. నువ్వూ మగోడివే."

రత్నమణి ముందుకొచ్చి, "అమ్మా, ఆయన తప్పేం లేదు, అది ఎవరి చీరో నాకు చెప్పింటే నేను కట్టేదాన్నే కాదు" అంటుంటే మా అత్త లోపలికి పోయి తలుపేసుకుంది.

చీర బకెట్లో పెట్టుకొని నేను అరుగు మీదే ఉండిపోయాను. రత్నమణి నాకు చెప్పింది. గిడ్డయ్య సాయంత్రమే మొహానికి రంగు పూసుకొని తెర వెనక మూలన కూర్చున్నాడట. తన ఘట్టం వచ్చేసరికి మూటలోంచి చీర తీసి దేవేంద్రప్పే ఆమెకు అందించాడట. తాసిల్దారు ఆమెనే చూడాలంటున్నాడు అన్నాడట. గిడ్డయ్య ఆయన కాళ్ళు పట్టుకుంటే, "గొడవ చేస్తే పోయేది ఊరి పరువు, కట్ట తెరిచిన రోజే కట్టకు మచ్చ" అన్నాడట. ఆ మాటకు గిడ్డయ్య చేతులు వదిలేశాడట. తను ఎత్తిన బండలే అవి. వాటి పరువు కాపాడుతూ కూర్చున్నాడు.

ఇదంతా మా అత్తకు చెప్పాను. "తెర ముందరికొచ్చి ఒక్క మాట అరిచింటే సాలు గదా! నాకు వాళ్ళెంత, గిడ్డడెంత?" అంది. మిగతా ఇళ్ళలో ఇంత కూడా మాట్లాడలేదు. అతను వీధిలోకి వస్తే రొట్టెల చప్పుడు ఆగిపోయేది. వానలు పడలేదు, సుగ్గికి, అదే కూలికి వలస పోయేవాళ్ళతో కలిసి గిడ్డయ్య కూడా తుంగభద్ర కాలువ తవ్వకానికి వెళ్ళిపోయాడు.

నాటకం ఆగిందా? ఆగలేదు. మరుసటేడు రత్నమణే వచ్చింది. దేవేంద్రప్ప భార్య తన చీర ఇచ్చింది. పెద్దింటామె ఇచ్చాక మిగతావాళ్ళకేం? ఒకరి తరువాత ఒకరు పెట్టెలు తెరిచారు. "మా సీరలో రత్నమణి ఎంత బాగుండాదో చూడు" అని మళ్ళీ బావి దగ్గర అదే కొట్లాట. ఆ పైయేడు మా అత్త రత్నమణిని గడపలోకి పిలిచి, బొట్టు పెట్టి, సుంకులమ్మ చీర చేతిలో పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె వెళ్ళగానే అడిగేశాను. "ఇదే చీర, ఇదే మనిషి. గిడ్డన్న చేసిన తప్పేంది మరి?"

మా అత్త జొన్నలు చెరగడం ఆపలేదు. "నాకు ఏడ్చేదానికి ఇంగో జాగా లేదు మే" అంది. ఆమె మీద కోపం ఉండాల్సింది, కానీ ఆ మాట విన్నాక అదీ నిలవలేదు.

గిడ్డయ్య ఆ ఎండాకాలమే తిరిగొచ్చాడు. క్రాపు కొట్టించుకున్నాడు, మీసాలు పెంచాడు, కాలువ మట్టి మోసి భుజాలు వెడల్పయ్యాయి. చీర సంగతి ఎవరో చెప్పి ఉంటారు. మా అత్త మెత్తబడిందనుకున్నాడేమో, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చాడు. గడప పక్కన, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు.

"పెద్దమ్మా, బాగుండావా?"

మా అత్త తలెత్తి చూసింది. మా వైపు ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందర తల మీద చెరగు లేకుండా ఉండరు. గిడ్డయ్య ముందర మాత్రం ఎన్నడూ ఏ ఆడదీ చెరగు కప్పుకోలేదు. నేను కొత్త కోడలిగా వచ్చి కప్పుకోబోతే, "వాడు మన గిడ్డడే" అని ఆపింది ఈ అత్తే. ఇప్పుడు ఆమె రెండు చేతులా చెరగు తల మీదికి లాక్కొని, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"బాగుండామప్పా. ఏం పని మీద వచ్చినారు? మా వాడు చేనికి పోయినాడే" అంది.

అందులో కోపం లేదు. ఊరికి కొత్తగా వచ్చిన ఏ మగవాడినైనా అట్లాగే పలకరిస్తుంది. గిడ్డయ్య నా వైపు చూశాడు. నేనేం చేయను? తల దించుకున్నాను.

"పనేం లేదమ్మా. ఊరికే వచ్చినా" అని లేచాడు.

తరువాత చాలా ఏళ్ళు ఊళ్ళోనే బతికాడు. కూలికి పిలిస్తే వచ్చేవాడు. కానీ మా వీధిలో ఏ ఇంటికి వచ్చినా గడప దాకా రాలేదు. వాకిట్లోనే దూరంగా, మొహం పక్కకు తిప్పుకొని నిలబడి కేకేసేవాడు.

"ఇంట్లో మగోళ్ళు ఎవురన్నా ఉండారా?"