డబ్బాలో కరివేపాకు

తాలింపులో కరివేపాకు చిటపటమంటే చాలు, సూరత్‌లో పాండేసర దగ్గరి మా ఒంటిగది గుర్తొస్తుంది.

లాక్‌డౌన్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, బందయ్యాయి. బట్ట నేసే బాపు ఇంట్లోనే ఉండేవాడు, మా పొయ్యి ఒక్కపూటే వెలిగేది. గల్లీ చివరి చర్చి నుంచి ఒక గుజరాతీ ఆంటీ, మాస్కు కట్టుకుని, రోజూ మధ్యాహ్నం ఇంటింటికీ స్టీలు డబ్బాల్లో ఖిచిడీ తెచ్చేది. నిన్నటి డబ్బా తీసుకుపోయేది.

అమ్మ ఆ డబ్బా తోమి, పాత పెయింటు బకెట్లో పెంచిన చెట్టు నుంచి కరివేపాకు రెమ్మ తెంపి అందులో వేసేది.

"ఇచ్చినోళ్ల గిన్నె ఉత్తగ పంపొద్దు బిడ్డా."

ఖిచిడీకి వెల ఆ రెమ్మేననుకున్నాను. బాపు చారులోకి నాలుగాకులు తెంపబోతే చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

"ఏందే, గీ ఆకుకు గింత లొల్లా?" అన్నాడు బాపు.

చివరికి బోడికొమ్మలే మిగిలాయి. ఆకు లేకున్నా రేపు వస్తావా అని ఆంటీని హిందీలో అడిగాను.

"ఆవూంగీ బేటా," వస్తానంది.

మర్నాడు వచ్చింది. ఉత్త డబ్బా అందించలేక అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆంటీ మా నీళ్ల చెంబు అందుకుని బోడికొమ్మల మొదట్లో నీళ్లు పోసింది. ఆ తర్వాతే డబ్బా తీసుకుంది.

ఖిచిడీకి ఆ రెమ్మ వెల కాదని పెద్దయ్యాక తెలిసింది. ఆంటీ మాత్రం ఒక్కనాడూ ఆ సంగతి తెలియనివ్వలేదు. ఆ రెమ్మ కోసమే వచ్చినట్టు, రోజూ దాన్ని కొంగున ముడేసుకుని పోయేది.