పైగీత, కిందిగీత

పోయిన శుక్రవారం పొద్దున బడికి బయలుదేరుతుంటే హిందూపురం నుంచి చాచీ ఫోన్ చేసింది. "మీ చాచా పోయినాడమ్మా" అని ఒక్క మాట చెప్పి, ఫోన్ కోడలి చేతికి ఇచ్చేసింది. తెల్లవారుజామున నమాజు చేసుకొని, కొట్టంలో గుర్రాలకు నీళ్లు పెట్టి వచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని కోడలు చెప్పింది. గుర్రాలకు నీళ్లు పెట్టాకే పోయాడన్న మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు.

చాచా నాకు రక్తసంబంధి కాదు. ఆయనా మా నాయనా హిందూపురం రైల్వే స్టేషన్ బయట పక్కపక్కనే జట్కాలు నిలుపుకున్నవాళ్లు. ఆటోలు వచ్చి జట్కాలు మూలపడ్డాక మా నాయన కూరగాయల అంగడి పెట్టుకున్నాడు గానీ గుర్రాల పిచ్చి మాత్రం వదల్లేదు. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆడగుర్రాన్ని కొని, చుక్క అని పేరు పెట్టి, పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. చాచా తన పాత జట్కా షెడ్డునే కొట్టంగా మార్చి, తన నల్లగుర్రంతో పాటు ఇతరుల గుర్రాలను కూడా నెలకింత అని తీసుకొని సాకేవాడు. నాయన పోయాక చుక్క నా పాలబడింది. నేనేమో పెనుకొండలో బాడుగ ఇంట్లో ఉండే సైన్సు టీచరును. మేడ మీద రెండు గదుల్లో గుర్రాన్ని ఎక్కడ కట్టాలి? చాచా కొట్టంలో వదిలాను. ప్రతి ఆదివారం రైలెక్కి వెళ్లి చూసి వచ్చేదాన్ని. పెళ్లిళ్ల కాలంలో ఆయనే ఊరేగింపులకు తీసుకుపోయేవాడు.

ఆయన పద్ధతులు ఆయనవి. గడ్డిమోపు విప్పి అలాగే వేసేవాడు కాదు. ఒక్కొక్క పిడికెడు విదిలించి, వాసన చూసి, అప్పుడు వేసేవాడు. ఎండిన వేరుశనగ మొక్కల మేత, శనక్కట్టె, బూజు వాసన కొడితే ఎంత మంచి మోపైనా పక్కింటి బర్రెలకు పోవలసిందే. చలికాలం పొద్దున బావినీళ్లు తాకనివ్వడు, వేడినీళ్లు కలిపి మోచేయి ముంచి చూసి పెడతాడు. "చల్లనీళ్లు గుర్రం సరిగ్గా తాగదమ్మా. తాగకపోతే తిన్నది లోపల గట్టిపడతాది" అనేవాడు. ఉలవలు కొలిచేందుకు ఒక పాత పాలపొడి డబ్బా ఉండేది. దాని లోపల మేకుతో రెండు గీతలు గీశాడు. పని ఉన్న రోజు పైగీత దాకా ఉలవలు, పని లేని రోజు కిందిగీత దాకా. ఏ గుర్రానికైనా అదే లెక్క, ఎవరి గుర్రమైనా అదే లెక్క.

మా గొడవంతా ఆ కిందిగీత దగ్గరే వచ్చింది.

నాకు నోరెక్కువ. మా హెడ్మాస్టరుకు తెలుసు, మా ఆయనకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తుంది. నాయన పోయిన ఏడాది చలి ముదిరింది. ధనుర్మాసంలో పెళ్లిళ్లు ఉండవు, చుక్కకు పని లేదు. అవే రోజుల్లో లేపాక్షికి జనం ఎక్కువ. పిల్లల్ని ఎక్కించుకొని తిరగడానికి నల్లగుర్రానికి రోజూ పనే. ఆ ఆదివారం నేను వెళ్లేసరికి నల్లగుర్రం ముందు పైగీత దాకా ఉలవలు, చుక్క ముందు కిందిగీత దాకా. చలికి వణికే దానికి తిండి తగ్గించడమేమిటని నాకు మండింది. అంతకు ముందు వారమే నేను చుక్క కోసం బస్తా ఉలవలు పంపాను. లోపలికి వెళితే చాచా అన్నంలో ఉలవచారు పోసుకొని తింటున్నాడు. గుర్రాలున్న ఇంట్లో అది వింతేమీ కాదు. ఉడికిన గింజ గుర్రానికి, ఉడికించిన నీళ్లు ఇంటికి. ఆ సంగతి జట్కావాడి కూతురిగా నాకు తెలియనిది కాదు. అయినా అనేశాను.

"నా గుర్రం ఉలవలు తీసి నీ గుర్రానికి పెడతాండావు. ఆ చారు నువ్వు తాగుతాండావు."

చాచా చేయి ఆగిపోయింది. చాచీ గుమ్మంలో నిలబడిపోయింది. ఆయన కోపంగా ఏదైనా అని ఉంటే నాకే బాగుండేది. "గుర్రం తిన్నదాన్ని కాళ్లతో అరిగిస్తాదమ్మా, కడుపుతో కాదు. పని లేనప్పుడు గింజ పెంచితే అది బలం కాదు, విషం. చలికి గడ్డి పెంచినా, చూడు. గడ్డి నమిల్తా ఉంటే ఒంట్లో పొయ్యి వెలుగుతాది" అన్నాడు. నేను వినలేదు. నాకు సైన్సు చెప్పేంతవాడివా అన్నట్టు చూశాను. మర్నాడే సెలవు పెట్టి చిన్న లారీ మాట్లాడి, ధర్మవరం అవతల గుర్రాలు పెట్టుకునే ఒక తోటకు చుక్కను తోలించాను. లారీ ఎక్కించేటప్పుడు చాచా నేను పంపిన బస్తా కూడా మోసుకొచ్చి పైకి వేశాడు. దాని కుట్టు విప్పనే లేదు. అది నా కళ్లబడింది. అయినా ఎక్కి వెళ్లిపోయాను.

తోటవాళ్లు మంచివాళ్లు. నేను చెప్పిందల్లా చేశారు, అదే వచ్చిన చిక్కు. రోజూ రెండు పూటలా నిండా ఉలవలు. మూడు వారాలకు చుక్క నూనె రాసినట్టు నిగనిగలాడింది. నేను పొంగిపోయి, ఒకసారి తోట చుట్టూ పరిగెత్తించమన్నాను. రెండో చుట్టులోనే వెనక కాళ్లు కొయ్యబారిపోయాయి. ఒళ్లంతా చెమట. పోసిన మూత్రం డికాక్షన్ రంగులో ఉంది. కడుపునొప్పేమోనని తోటవాళ్లు పగ్గం పట్టి నడిపించబోయారు. నేను పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, ఆ వెంటనే, సిగ్గు విడిచి, చాచాకు చేశాను.

"నడిపించొద్దు! ఒక్క అడుగు కూడా వేయించొద్దు! నేను వస్తాండా" అన్నాడు. ఇంకో మాట అడగలేదు.

దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికి దిగాడు, భుజం మీద కంబళితో. అప్పటికి డాక్టరు సూది వేసి, పని లేకుండా గింజ మేపితే ఇట్లాగే అవుతుందని నాకు చీవాట్లు పెడుతున్నాడు. చాచా కంబళిని చుక్క నడుము మీద కప్పి, దాని పక్కన నిలబడి మెడ నిమురుతూ ఉండిపోయాడు. "చెప్పినా కదా" అంటాడని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. "అట్లా మేపమని చెప్పింది ఈ టీచరమ్మే" అని తోటవాళ్లు అన్నప్పుడు కూడా, "ప్రేమ ఎక్కువై పెట్టింది లేప్పా, పగతో పెట్టలేదు కదా" అన్నాడు.

చుక్క బతికింది. నడవగలిగాక మళ్లీ హిందూపురం కొట్టానికే వచ్చింది. తర్వాత నేను వెళ్లిన మొదటి ఆదివారం చాచా లోపలికి కేకేశాడు: "టీచరమ్మ వచ్చింది. ఆమె గుర్రం చారు ఆమెకే పోయి!" చాచీ నవ్వు ఆపుకోలేక గరిటె జారవిడిచింది. ఆ తర్వాత ఎన్నేళ్లైనా నేను వెళ్తే అదే కేక.

ఆయన మొండి కాదనను. అయితే తన మాట తప్పయితే ఒప్పుకోవడానికి క్షణం పట్టదు. ఒక చలికాలం చుక్క చిక్కిపోతుంటే వయసు మీద పడిందన్నాడాయన, పళ్లు చూపిద్దామన్నాను నేను. డాక్టరు అరిగి మొనతేలిన పళ్లను ఆకురాయితో రాకితే నెలకంతా కోలుకుంది. చాచా బజారంతా చెప్పుకున్నాడు: "నాకు తట్టలేదబ్బా, మా టీచరమ్మే కనిపెట్టింది." నేను మాత్రం కిందిగీత సంగతి ఎప్పుడూ ఒప్పుకోలేదు. గడ్డి అరిగేటప్పుడే ఒంట్లో వేడి పుడుతుందని తర్వాత పుస్తకంలో చదివాను కూడా. చెప్పలేదు. పైగా చలి పడగానే వెళ్లి, ఇంకొంచెం వేయరాదా అని ఏటా కొట్లాడేదాన్ని. అదొక పండగలాగా అయిపోయింది మాకు. "ఒక్కసారి ఒప్పుకోమ్మా, నా మాటే రైటని. ఊర్లో దండోరా వేయిస్తానా ఏమి?" అనేవాడు. "చుక్కను అడుగు చాచా" అనేదాన్ని.

పోయిన వారం ఆయనే ఫోన్ చేశాడు. "ఏమ్మా, చలి పడి ఇన్నాళ్లాయ, ఇంకా కొట్లాడేకి రాలేదే?" పరీక్ష పేపర్లు దిద్దడంలోనే రెండు ఆదివారాలు పోయాయని, ఈ ఆదివారం వచ్చి కొట్లాడతానని చెప్పాను. శుక్రవారం పోయాడు.

జుమ్మా నమాజు తర్వాత మగవాళ్లు ఆయన్ను ఖబరస్తానుకు తీసుకుపోయారు. నేను చాచీ దగ్గర కాసేపు కూర్చొని, ఉండలేక కొట్టంలోకి వెళ్లాను. చావు ఇల్లు కాబట్టి లోపల పొయ్యి వెలిగించలేదు, అన్నం ఇరుగుపొరుగువాళ్లు తెచ్చారు. కొట్టం బయట గుర్రాల పొయ్యి మాత్రం మండుతోంది. ఉలవలు ఉడుకుతున్నాయి. కోడలు పాలపొడి డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది.

"అక్కా, మామ లేడు, నాకు తెలీదు. చుక్కకు పైగీతకా, కిందిగీతకా?"

"కిందిగీతకే" అన్నాను. "మీ మామ మాటే రైటు."

గట్టిగానే అన్నాను. విన్నది కోడలూ రెండు గుర్రాలూ. డబ్బాలో ఉలవలు కిందిగీత దాకా పోసి, ఆయన చేసినట్టే పైన వేలితో సదును చేసి చుక్క ముందు పెట్టాను. అది గబగబా తినేసి, ఇంకా కావాలని డబ్బాను ముక్కుతో పొడిచింది. మళ్లీ పొడిచింది. గడ్డి తీసి, ఒక్కో పిడికెడు విదిలించి వేశాను. ఉలవలు మాత్రం పెట్టలేదు.