ఒక్క ఊపిరికి ఎన్ని ఊళ్లు

సాయిలు తన ఊపిరిని ఊళ్లతో కొలిచేవాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాకా పదిహేనేళ్లు దుమ్ము మింగితే దమ్ము రోగం పట్టుకుంది. పొద్దున లేవగానే వాకిట్లో నిలబడి, గుండెల నిండా గాలి పీల్చి మొదలుపెట్టేవాడు: "సిరిసిల్ల, వేములవాడ, కొడిమ్యాల, కొండగట్టు, మల్యాల, జగిత్యాల, మేడిపల్లి, కోరుట్ల." ఊపిరి ఎక్కడ ఆగితే అదే ఆనాటి ఆరోగ్యం.

"ఎట్లున్నవ్ సాయిలూ?" అని ఎవరైనా అడిగితే "ఇయ్యాల మల్యాలల ఉన్న" అనేవాడు. కోరుట్ల బస్టాండులో తమ ఎదుటే నిలబడ్డ మనిషిని కొత్తవాళ్లు ఎగాదిగా చూసేవాళ్లు.

అవి నక్సలైటు అన్నలు ఒకచోట, పోలీసులు ఒకచోట బస్సులు ఆపే రోజులు. ఒకసారి తనిఖీకి ఎక్కిన జవాను చెవిన ఈ ఊళ్ల వరస పడింది.

"ఎవలకు చెప్తున్నవ్ గా పేర్లు?"

జవాబిస్తే ఊపిరి తెగుతుంది. సాయిలు ఆగమని వేలు చూపించి, కోరుట్ల దాకా పోయి, అప్పుడు నమస్కారం పెట్టాడు. ఠాణాలో రెండు గంటలు కూర్చోబెట్టారు. "అయితేంది, ఆగకుంట కోరుట్ల చేరిన" అని ఇంటికొచ్చి సంబరపడ్డాడు. ఆయన భార్య మొగిలవ్వ మాత్రం దెబ్బలేమైనా ఉన్నాయేమోనని చొక్కా విప్పించి చూసింది. ఠాణాకు పోయిన మనిషి తిరిగి రావడమే గొప్పగా ఉండేది అప్పట్లో.

మొగిలవ్వ బీడీలు చుడుతుంది. ఆమెకూ దగ్గుంది. "పొగాకు ఘాటు, గంతే" అని రెండేళ్లుగా కొట్టిపారేస్తోంది. ఉగాది నుంచి సాయిలుకు కొత్త పిచ్చి పట్టింది. డ్యూటీకి పోయేముందు రోజూ తన ఖాకీ చొక్కా తెచ్చి సరిగ్గా ఆమె బీడీల చాటలో పడేస్తాడు.

"నీకు సోయి లేదు, ఇగురం లేదు, సిగ్గు లేదు, శరం లేదు..." అని ఆమె అందుకుంటుంది. ఆయన గోడకానుకుని, ఒక్కో వేలూ ముడుస్తూ శ్రద్ధగా వింటాడు. ఆమె ఆగగానే చొక్కా దులుపుకుని వెళ్లిపోతాడు.

గాలి అందక ఈయన మెదడు చెడిందని మొగిలవ్వ తేల్చేసుకుంది. పైగా జగిత్యాల డాక్టరమ్మ ముందు దొంగపని ఒకటి. ఆవిడ ఊళ్లు చెప్పమంటే, కొండగట్టు పేరు రాగానే ఆంజనేయస్వామికి దండం పెడుతున్నట్టు వంగి, చాటుగా ఊపిరి పీలుస్తాడు; ఆ సంగతి ఇంట్లో తానే గొప్పగా చెప్పుకున్నాడు. ఆ గుట్టు విప్పాలని ఈసారి తానూ బస్సెక్కింది. వద్దంటాడనుకుంటే, కిటికీ పక్క సీటిచ్చి మరీ కూర్చోబెట్టాడు.

"అమ్మా, గీయన చెప్పేది నమ్మకుండ్రి," అంది డాక్టరమ్మ గదిలోకి పోగానే. "దండం పేరు చెప్పి గాలి పీలుస్తడు. ఇంటికాడ మల్యాల దాటుతలేడు."

"నాకు తెలుసమ్మా. అందుకే ఊళ్లు మొదలుపెట్టకముందే దండం పెట్టిస్తున్న," అంది డాక్టరమ్మ. "ఆయన మందులు నడుస్తనే ఉన్నయ్. ఇయ్యాల నిన్ను చూపించెటందుకు తీసుకొచ్చిండు."

సొరుగులోంచి సాయిలు రాసిచ్చిన కాగితం ఒకటి తీసి చదివింది. "మా ఇంటామె. ఒక్క ఊపిరికి ఉగాదికి ఎనిమిది తిట్లు. బోనాలకు ఐదు. మొన్న సోమవారం మూడు. అడిగితె బాగున్న అంటది. తిట్టిచ్చుకుంటె తప్ప తెలుస్తలేదు."

మొగిలవ్వకు ఒళ్లు మండిపోయింది. "నీకు సోయి లేదు, ఇగురం లేదు" అంది. మూడోది నోటిదాకా వచ్చి ఆగింది. ఛాతీ ఎగిసెగిసి పడుతోంది. సాయిలు రెండు వేళ్లు ముడిచి, మూడోది ముడవడానికి ఎదురుచూస్తున్నాడు. ఠాణా నుంచి వచ్చిన రోజు కూడా ఆ ముఖంలో ఇంత భయం ఆమె చూడలేదు.

ఆమె స్టూలు డాక్టరమ్మ వైపు లాక్కుంది.

"రెండేండ్లాయెనమ్మా. రాత్రి కూసోనే పంటున్న. ఈయనకు చెప్తె ఆగమైతడని చెప్పలే."

మొగిలవ్వకు మందులు మొదలయ్యాయి. దసరా ముందు ఒకనాడు సాయిలు డిపోలో అందరికీ పేడాలు పంచాడు. ఏం సంగతని డ్రైవరు గంగారాం అడిగాడు.

"మా ఇంటామె ఇయ్యాల నన్ను ఆగకుంట తొమ్మిది తిట్టింది," అన్నాడు సాయిలు, ఎంతో గర్వంగా.