ఎరుపుకు బావగారు పెట్టిన పేరు

మొహం ఎర్రబడడం మొదలైనప్పుడు నేను గుడివాడలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. బోర్డు మీద లెక్క చేస్తుండగానే మెడ దగ్గర వేడి పుట్టి చెంపల దాకా ఎగబాకేది. చెమట పట్టేది కాదు. కాసేపు మండి, దానంతటదే దిగిపోయేది. దానికి తోడు విరేచనాలు. బందరు పక్కన గూడూరు దగ్గర మా ఊళ్లో బస్సెక్కే ముందు ఒకసారి, స్కూల్లో దిగగానే మరోసారి పరిగెత్తాల్సి వచ్చేది. చూపించుకున్న డాక్టర్లలో ఒకాయన గ్యాస్ అన్నాడు, ఒకాయన బీపీ అన్నాడు, ఇంకొకాయన టెన్షన్ తగ్గించుకోమన్నాడు.

మా బావగారు మాత్రం తాగుడన్నారు.

బావగారంటే నా భార్యకు స్వయానా అన్నయ్య. మా చర్చిలో సంఘ పెద్ద. ఆయన మాటంటే పాస్టరుగారు కూడా సర్దుకుని కూర్చునేవారు. ఆదివారాలు పాటలు ఎత్తేది నేను. ఒకసారి ప్రభువు బల్ల రోజున, రొట్టె, ద్రాక్షరసం పంచే ముందు, పాట మధ్యలో నా మొహం కందగడ్డలా అయిపోయింది. బావగారు లేచి వచ్చి, నవ్వుతూనే నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. ఆరాధన అయ్యాక అందరూ మెట్ల దగ్గర ఉండగానే నన్ను ఆపి, నా నోటి దగ్గరికి మొహం తెచ్చి వాసన చూశారు. చిన్నపిల్లలు కూడా చూస్తున్నారు.

వాసనేం లేదు. అయినా ఆయన తగ్గలేదు. వాసన రాకుండా తాగే రకాలు ఈమధ్య చాలా వచ్చాయన్నారు. పశ్చాత్తాపపడే దాకా నేను బల్లకు దూరంగా ఉండాలని సంఘం తీర్మానించింది. పెళ్లిళ్లలో కూడా చుక్క ముట్టనివాణ్ణి. దేనికి పశ్చాత్తాపపడాలో పాస్టరుగారిని అడిగితే, ఓపిక పట్టమన్నారు.

ఒకరోజు సాయంత్రం నా సంచిలోని నీళ్ల సీసా మూత తీసి నా భార్య వాసన చూస్తోంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. సీసా మూత బిగించి వంటింట్లోకి వెళ్లిపోయింది. అది కూడా బావగారి ఖాతాలోనే వేశాను.

అవనిగడ్డలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు భోజనాలయ్యాక కడుపులో మెలిపెట్టినట్టయి పడిపోయాను. బందరు ఆసుపత్రిలో స్కానింగ్ చేస్తే కాలేయంలో గడ్డలున్నాయన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. చివరికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మ, నేనేమీ చెప్పకముందే, "మొహం ఎర్రబడుతుంటుందా?" అని అడిగింది.

అవునన్నాను. చిన్నపేగులో మొదలైన కణితి అనీ, అది నెమ్మదిగా పెరిగే జాతి అనీ, రక్తంలోకి హార్మోన్లు వదులుతుందనీ, ఎరుపూ విరేచనాలూ వాటి పనేననీ ఆవిడ బొమ్మ గీసి చెప్పింది. పక్కన నా భార్య ఏడుస్తోంది. క్యాన్సరనే మాట నాకూ వినపడింది. కానీ నాకు ముందు గుర్తొచ్చింది చావు కాదు, బావగారు. ఆయన్ని అందరి ముందూ నిలబెట్టేదాకా బతకాలనిపించింది. అంత గట్టిగా బతకాలని నాకు అంతకుముందెప్పుడూ అనిపించలేదు.

నాకు ఇచ్చింది లుటీషియం అనే మందు. రక్తంలో తిరిగి, ఆ కణితి కణాల్నే పట్టుకుని, అక్కడే రేడియేషన్ వదులుతుంది. కిడ్నీలు పాడవకుండా ఇంకో సెలైన్ పెడతారు. దానికి వాంతులు. గదిలో ఒక్కణ్ణే. నర్సు కూడా పని చూసుకుని దూరంగా వెళ్లిపోయేది. మంచం మీద పడుకుని బావగారితో అనబోయే మాటలు పేర్చుకునేవాణ్ణి. ఒకసారి పేర్చింది చాలదనిపించి, ఇంకా పదునుగా మళ్లీ పేర్చేవాణ్ణి.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు చిన్నపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ దూరంగా ఉండమన్నారు. అది పట్టుకుని, నా దగ్గరికొస్తే అందరికీ అంటుకుంటుందని ఊళ్లో మాట పుట్టింది. పుట్టించింది ఎవరో నాకు తెలుసు. ఆయనే ఒకరోజు వచ్చి గేటు బయట నిలబడ్డారు.

"తెలియక అన్నామండీ. అయిందేదో అయింది. మనలో మనకి పట్టింపులెందుకు?"

"మనలో మనం అనుకున్నది కాదు కదండీ. అందరి ముందూ అన్నారు. అందరి ముందే చెప్పండి."

సంఘం పరువు పోతుందని ఆయన గొణిగారు. నా పరువు గురించి ఒక్క మాట లేదు. నేను లోపలికి వచ్చి తలుపేసుకున్నాను. అన్నయ్య అంత దూరం వచ్చాడు కదా, వదిలెయ్యండని నా భార్య బతిమాలింది. నేను వినలేదు.

ఆ మందు విడతలన్నీ పూర్తయ్యాక స్కాన్‌లో గడ్డలు చిన్నవయ్యాయి. జబ్బు పోలేదనీ, ప్రస్తుతానికి అదుపులో ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. ఎరుపు దాదాపు ఆగిపోయింది. ఆ ఆదివారం పాస్టరుగారు, దేవుడు చేసిన మేలు గురించి సంఘం ముందు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. నేను అన్నాళ్లూ ఎదురుచూసింది ఆ మైకు కోసమే.

దేవుడికీ, డాక్టర్లకీ కృతజ్ఞతలు చెప్పాను. నా జబ్బేమిటో, మొహం ఎందుకు ఎర్రబడేదో వివరంగా చెప్పాను. మెట్ల దగ్గర జరిగింది చెప్పాను. "ఆ నింద వేసినాయన ముందు బెంచీలోనే ఉన్నారు. అది తప్పని ఆయన చెబితే నేను వెళ్లి కూర్చుంటాను," అన్నాను.

బావగారు కూర్చున్నచోటే తల దించుకుని, "తప్పే," అన్నారు.

"వెనకాలవాళ్లకి వినపళ్లేదు. మైకులో చెప్పండి."

పాస్టరుగారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి తీసేశాను. బావగారు బెంచీ పట్టుకుని లేచి, నడిచొచ్చి, మైకులో చెప్పారు. మధ్యలో ఆగిపోతే, మిగతాది కూడా చెప్పమన్నాను. నేను తాగలేదనీ, తాను అబద్ధపు నింద వేశాననీ పూర్తిగా చెప్పించాకే వెళ్లి కూర్చున్నాను.

ఆయన పెద్దరికం వదులుకుని ఇప్పుడు బందరులో ఇంకో చర్చికి వెళ్తున్నారు. నా భార్య పుట్టింటికి ఒక్కతే వెళ్తుంది. నేను వీధి మొదట్లో దింపి వచ్చేస్తాను. ఆ రోజు నేను సాక్ష్యం చెప్పలేదనీ, అన్నయ్యను బట్టలూడదీసి నిలబెట్టాననీ తను అంటుంది. నిజమే, అందుకే ఆ మైకు దగ్గరికి వెళ్లాను.

క్షమించడం గురించి పాస్టరుగారు ఇప్పటికీ ప్రసంగాలు చేస్తారు. నావైపు చూడకుండా చేస్తారు. మొన్న జబ్బును అదుపులో ఉంచడానికి నెలనెలా ఇచ్చే ఇంజెక్షన్‌కి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆకలీ, బరువూ అన్నీ కనుక్కుని, నిద్ర బాగా పడుతోందా అని అడిగింది.

"హాయిగా పడుతోందండీ," అన్నాను. నా భార్య కిటికీ వైపు తిరిగింది.